టేపు వెయ్యని మూల

చాలాకాలం మూతబడి, ఈమధ్యే మళ్ళీ తెరిచిన రేకుల షెడ్డు. బుల్లి జీపు వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఫైబర్ మేస్త్రీ అయిన తమ్ముడు ముక్కూ నోరూ కప్పే రబ్బరు మాస్కు తగిలించుకుని సగం లోపల, సగం బయట ఉన్నాడు. ఆ జీపునే నడుపుకుని బతికే అక్క చక్రం పక్కన నిలబడింది.

"రావట్లేదక్కా."

"ఆఁ, ఆఁ."

"ఆఁ ఏంటి? ఊడి రావట్లేదు అంటున్నా. మూడు మూలలు లేచాయి, నాలుగో మూల పట్టేసింది. ఆ చెక్క సుత్తి ఇలా ఇయ్యి. అక్కా! సుత్తి!"

"ముందు ఆ మూతి తొడుగు తీసి మాట్లాడరా నాయనా. కుండలో తల పెట్టి మాట్లాడినట్టు ఏంటా గుయ్‌గుయ్‌?"

"రెజిన్ జిగురు ఘాటు. తీస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి."

"ఒక్క క్షణం తీస్తే ఏమీ కావులే. తియ్యి. ఆఁ, అలా. ఇప్పుడు చెప్పు, ఏం కావాలి?"

"చెక్క సుత్తి."

"ఇదిగో. ఈ మాత్రానికి ఊరంతా వినపడేలా అరవాలా?"

"నిన్న జీపు లోపలినుంచి అడిగాను కదా, ఈ మూల టేపు వేశావా అని."

"అడిగావా?"

"అడిగాను. 'ఆఁ, వేశా' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు! ఆ మాట నమ్మి గాజునార మ్యాట్ పరిచి రెజిన్ పూసేశా. ఇక్కడ చూడు. టేపు లేదు, మైనం లేదు. ఫైబర్ తిన్నగా రేకుని పట్టుకుంది. ఇక దీన్ని బ్రహ్మదేవుడు కూడా ఊడదియ్యలేడు."

"మర్చిపోయుంటాను రా."

"మర్చిపోతే లేదు అనాలి. వెయ్యకుండా వేశానంటే ఎట్లా? నీకు చెప్పడమూ ఒకటే, చెవిటి..."

"ఆగావేం? అను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అను. సామెత ఏం పాపం చేసింది?"

"అక్కా, నేను ఆ ఉద్దేశంతో..."

"నాకు తెలుసులే. మొహం అట్లా పెట్టకు, బాగోలేదు. కుడి చెవి ఇంకా ఉందిగా. గుడ్డి కన్నా మెల్ల నయం."

"ఏంటి మేస్త్రీ, పొద్దున్నే అక్కాతమ్ముళ్ళ యుద్ధం? పక్క షెడ్డులో బండికి గీత గీస్తుంటే నా బ్రష్ వంకర పోయింది."

"రా పెయింటరూ, రా. నువ్వే చూడు మా అక్క చేసిన ఘనకార్యం."

"నమస్కారం అక్కగారూ."

"నేను వెళ్ళి ఆ బ్రష్‌లు కడిగి తెస్తానురా. గట్టిపడిపోతున్నాయి."

"పెయింటర్ నమస్కారం పెడుతున్నాడక్కా!"

"వెళ్ళిపోయిందిగా, వదిలెయ్. కోపంగా ఉన్నట్టుంది. ఇంతకీ ఏంటి గురూ ఇది? తేనెపట్టులా ఉంది."

"బేసు డబ్బా. సబ్ ఊఫర్ స్పీకరు పెట్టడానికి."

"చెక్క పలకలు నాలుగు కొట్టి డబ్బా చేస్తే పోయేదానికి ఈ రెజినూ, ఈ కంపూ ఎందుకు?"

"ఈ జీపులో చెక్క డబ్బా ఎక్కడ పడుతుంది? వెనక ఉన్నది గుప్పెడు జాగా. అందుకని జీపు మూలనే అచ్చుగా వాడాలి. ముందు టేపు అంటించి, మైనం రాసి, దాని మీద మ్యాట్ పరిచి రెజిన్ పట్టిస్తే, ఆరాక ఆ మూల ఆకారంలోనే చిప్ప ఊడి వస్తుంది. ఒక్క అంగుళం వృథా పోదు. టేపు ఉంటేనే ఊడి వస్తుంది మరి."

"లేకపోతే?"

"ఇదిగో, ఇట్లా. జీపూ డబ్బా ఒకటైపోతాయి. మొగుడూ పెళ్ళాలు కూడా ఇంత గట్టిగా అతుక్కోరు."

"మేస్త్రీ, ఆ మాట నువ్వే అనాలి."

"అవును, నేనే అనాలి. వెళ్ళిపోయిన మా ఆవిడ వస్తానన్లేదు, రానన్లేదు. ఫోనూ ఎత్తదు."

"పోన్లే, ఆ సంగతి ఇప్పుడెందుకు? పడవల కంపెనీ మూతపడ్డాక నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావని విన్నా. మొన్న ఈ షెడ్డు తలుపు తీసి ఉంటే ఎవరో దొంగ దూరాడనుకున్నా, ఒట్టు."

"అక్క వచ్చి లేపింది. దుప్పటి లాగేసి, 'ఒరేయ్, నా చెవులు పోతున్నాయి, పోయేలోగా నాకో బేసు డబ్బా కట్టు' అంది."

"పోతున్నాయా? అంటే?"

"ఎడమది ఎప్పుడో పోయింది. కుడిదీ లోపల నరం ఎండిపోతోందట. మందు లేదు, ఆపరేషన్ లేదు. చెవి మిషను పెట్టినా లాభం లేదన్నారట. వానాకాలం దాకా కాస్త వినపడుతుందట, అంతే."

"అయ్యో! మెల్లగా మాట్లాడు గురూ, ఆవిడ అక్కడే కుళాయి దగ్గర ఉంది."

"మనవైపు ఉన్నది ఎడమ చెవి. ఫరవాలేదు."

"డాక్టరు నీతో చెప్పాడా?"

"లేదు, అక్కే చెప్పింది. ఆసుపత్రికి నన్ను రానిచ్చిందా? నువ్వొచ్చి ఏం పొడుస్తావు అంది."

"ఇదంతా దింపుడు కళ్ళం ఆశ కాదూ?"

"కాక మరేంటి? చెవి పోయినా బేసు ఒంటికి తగులుతుందట. వీపుకి, పక్కటెముకలకి. చిన్నప్పుడు నాన్న లారీలో ఇంజను మూత మీద కూర్చునేవాళ్ళం ఇద్దరం. టేపు రికార్డరు పెట్టేవాడు. కింద ఇంజను, పైన పాట. ఏది ఏదో తెలిసేది కాదు, ఒళ్ళంతా అదురుతుండేది. అట్లా కావాలంటుంది."

"మంచిదే. చేసిపెట్టు. అట్లాగైనా నీ షెడ్డు తెరుచుకుంది."

"అంత సంబరం వద్దు. నేనొకటి అనుకున్నా. ఈ డబ్బా అక్కకి వినిపిస్తే షెడ్డు ఉంటుంది. వినిపించకపోతే ఈ రెజిన్ డబ్బాలు నీకిచ్చేసి తాళం వేస్తా. తోబుట్టువు అడిగిన ఒక్క పనీ చెయ్యలేనివాడికి షెడ్డు ఎందుకు, మంచం చాలదూ?"

"అవేం మాటలు మేస్త్రీ!"

"అక్కకీ చెప్పా ఈ మాట. మొహం మీదే చెప్పా."

"ఏమంది?"

"సరే అంది."

డబ్బా చిప్ప ఊడలేదు. ఊడనిదాన్ని ఊడనట్టే ఉంచి, దాని మీదే మిగతా పని మొదలుపెట్టాడు తమ్ముడు. మర్నాడు ఆ పనే సాగుతోంది.

"అక్కా, ఈ బట్ట ఆ కొస పట్టుకుని లాగు. ఇంకా లాగు. ముడత ఉండకూడదు. ముడత మీద రెజిన్ పోస్తే అదే గట్టిపడిపోతుంది."

"ఇది నా దుప్పటి కదరా?"

"నీదే. నా మీదనుంచి లాగేశావుగా, అదే. మెత్తగా ఉంది, రెజిన్ బాగా పీలుస్తుంది."

"ఓరి నీ అసాధ్యం కూలా! అమ్మ కుట్టిన దుప్పటిరా అది!"

"అందుకే పెట్టా. ఇక చిరగదు, మాయదు, చచ్చినా పోదు. ఈ గుండ్రటి చెక్క చట్రానికి తిప్పి మేకులు కొడతా. స్పీకరు దీన్లో కూర్చుంటుంది. పట్టుకున్నావా?"

"పట్టుకున్నాలే. నువ్వు నావైపు తిరిగి చెప్పు, నీ వీపుకేసి చూస్తూ ఏం పట్టుకోను?"

"ఈమధ్య నీకు అన్నీ ఎదురుగా నిలబడి చెప్పాలి. ఫోను చేస్తే ఎత్తవు, మెసేజ్ పెట్టమంటావు. రాజుగారి దర్బారయింది నీతో."

"ఫోనులో అందరూ నసుగుతారురా. రాస్తే తిన్నగా రాస్తారు."

"కొండ మీది క్యాంపువాళ్ళేమన్నారు? వాళ్ళ సామాన్లు నీ జీపులోనే చేరవేస్తావుగా ఇంకా?"

"వేస్తాను."

"ఎప్పటిదాకా?"

"బట్ట జారుతోంది చూడు."

"జారట్లేదు. ఎప్పటిదాకా అక్కా?"

"వేరేవాణ్ణి చూసుకున్నారు."

"ఎప్పుడు?"

"మొన్న మలుపులో వెనకనుంచి టిప్పరు హారన్ కొట్టాడట. కొట్టీ కొట్టీ చివరికి ఎడమపక్కనుంచి రాసుకుంటూ పోయాడు. ఆ గీత చూశావుగా తలుపు మీద. చెట్టు రాసుకుందని చెప్పాను నీతో."

"చెట్టు అన్నావు."

"అన్నాను. ఇప్పుడు టిప్పరంటున్నాను. దాంట్లో ఏముంది?"

"దాంట్లో ఏముందా? లోయలో పడేదానివి!"

"పడలేదుగా. ఆ వైపు ఎడమ చెవి, అందుకే తెలీలేదు. కుడివైపునుంచి కొట్టుంటే వినేదాన్ని."

"జీపు అమ్మేస్తావా మరి?"

"ఎవడు కొంటాడురా? వెనక నువ్వు అతికించిన పుట్ట ఒకటి ఉందాయె."

"నేను అతికించానా! టేపు వేశానన్నదెవరు?"

"నేనే, నేనే. ఒప్పుకున్నాగా. ఒకందుకు మంచిదే అయింది. జీపుని పట్టుకుపోదామంటే దీన్నీ పట్టుకుపోవాలి, దీన్ని ఎవడూ పట్టుకుపోడు."

"నడపనప్పుడు జీపెందుకక్కా నీకు?"

"కూర్చోడానికి. వెనక కూర్చుంటా, వీపు దీనికి ఆనించి. నువ్వు నడుపు."

"నాకు డ్రైవింగ్ రాదు."

"నేర్పుతా."

"పడవలు చేసినవాణ్ణి, ఈతే రాదు. జీపు నడుపుతానా!"

"మీ ఆవిడ కూడా ఇదే అనేది. పడవల మేస్త్రీ నీళ్ళు చూస్తే వణుకుతాడని."

"దాని సంగతి ఎత్తకు."

"ఎత్తనులే. ఎప్పటికైనా..."

"రాదక్కా. నీకూ తెలుసు."

"తెలుసు."

"మరి మొన్నటిదాకా వస్తుంది, వస్తుంది అన్నావుగా?"

"నువ్వు అన్నం తినాలని అన్నాను. ఇప్పుడు తింటున్నావుగా."

"నీ ధోరణే అంత. ఏది పనికొస్తే అది చెప్తావు."

"పెద్దదాన్నిరా. అబద్ధం చెప్పే హక్కు పెద్దవాళ్ళకి ఉంటుంది. రెజిన్‌లో హార్డెనర్ కలపవేం, మధ్యాహ్నం దాటితే చల్లబడుతుంది అన్నావుగా?"

"కలుపుతున్నా. ఎక్కువైతే మండి పగిలిపోతుంది, తక్కువైతే జన్మలో ఆరదు, జిగటగా ఏడుస్తూ ఉంటుంది. నాలాగా."

"నీకెవరో హార్డెనర్ తక్కువ పోశారురా పుట్టినప్పుడు."

"నీకు ఎక్కువ పోశారు."

"అదీ నిజమే."

"అక్కా, ఒకటి అడుగుతా. భయమేస్తోందా?"

"వేస్తోంది."

"దేనికక్కా?"

"చీకటంటే భయం అంటారు చూడు, ఇది అట్లాంటిది కాదు. అందరూ ఉంటారు, అందరూ నోళ్ళు ఆడిస్తుంటారు. నువ్వొక్కదానివే గాజు సీసాలో ఉన్నట్టు. వంటింట్లో మూత కిందపడుతుంది, పడినట్టు తెలీదు. నీ గొంతు నీకే వినపడదు. అరుస్తున్నానో గొణుగుతున్నానో ఎదుటివాడి మొహం చూసి తెలుసుకోవాలి."

"అప్పుడే అన్నీ తెలిసినట్టు చెప్తున్నావే!"

"అనుకుంటున్నా, అంతే. అట్లా ఉంటుందేమోనని."

"వానాకాలం ఇంకా చాలా దూరం ఉంది."

"అవును. చాలా దూరం ఉంది. మాస్కు పెట్టుకో, పని చెయ్యి."

రెజిన్ ఆరింది. లోపల పొరలు పడ్డాయి, పైన పుట్టీ పెట్టి నున్నగా గీకాడు. స్పీకరు బిగించాక ఇద్దరూ జీపు వెనకే కూర్చున్నారు, ఎదురెదురుగా.

"ఇప్పుడు గాలి చూడాలి. డబ్బాలో ఎక్కడా చీమ దూరే సందు కూడా ఉండకూడదు. గాలి కారితే బేసు చచ్చిపోతుంది. నేను స్పీకరు పొరని మెల్లగా లోపలికి నొక్కుతా. నువ్వు ఈ అంచు దగ్గర చెవి పెట్టు. కుడి చెవి. ఉస్సుమని వస్తే చెప్పు."

"చెవెందుకురా, ఇట్లా చూడు. చెయ్యి తడిపి పెడితే సరి."

"చెయ్యా?"

"తడిచేతికి గాలి చల్లగా తగులుతుంది. సైకిలు ట్యూబు చూసినట్టే. నొక్కు. ఇక్కడేం లేదు. ఇక్కడా లేదు. ఇంకోసారి నొక్కు. ఆఁ! ఇదిగో, ఇక్కడ. ఈ చట్రం కింద."

"నాకేం వినపడలేదే!"

"నీకు వినపడదు. అంత సన్నగా ఉంది. పూడ్చెయ్."

"అబ్బో, అక్కా! నిన్ను పడవల కంపెనీలో పెట్టుకుని ఉంటే అది మూతపడేది కాదు."

"చాల్లే పొగడ్త. ఇంకేం మిగిలింది?"

"వైర్లు. ఆ తర్వాత పాట. అక్కా, నేనన్న మాట గుర్తుందిగా?"

"ఏ మాట?"

"నీకు వినిపించాలి. మొహమాటానికి తల ఊపితే నాకు తెలిసిపోతుంది. వినిపించకపోతే వినిపించలేదని చెప్పు. ఏడవను. తాళం వేసి ఇంటికి పోతా."

"ఇంటికి పోయి?"

"ఏముంది, పడుకుంటా."

"గోడవైపు తిరిగి."

"ఏవైపైతే ఏంటి?"

"ఒరేయ్ తమ్ముడూ, చూడు నావైపు. ఈ చేతులతో ఇంత పని చేసి, ఒక ముసలిదాని చెవి పలక్కపోతే తాళం వేస్తావా? నా చెవికీ నీ బతుక్కీ ముడి ఎందుకు వేశావురా?"

"నేను వెయ్యలేదు. దుప్పటి లాగిన రోజు నువ్వే వేశావు."

"వినిపిస్తుందిలే. నువ్వు చేశాక వినిపించకుండా ఎక్కడికి పోతుంది? వెళ్ళు, వైర్లు చూడు. నేనిక్కడే ఆనుకుని కూర్చుంటా."

తమ్ముడు ముందు సీట్లోకి వెళ్ళాడు. అక్క డబ్బాకి వీపు ఆనించి, వీధివైపు తిరిగి కూర్చుంది.

"కూర్చున్నావా?"

"..."

"బ్యాటరీ దిగిపోయి ఉంటుందక్కా, ఇన్నాళ్ళు బండి కదల్లేదుగా. ముందు ఇంజను స్టార్ట్ చేసి కాసేపు అట్లా వదిలేస్తా. అది కాస్త ఎక్కాక స్పీకరు వైరు కలిపి పాట పెడతా. అప్పటిదాకా ఓపిక పట్టు. ఇదిగో, తిప్పుతున్నా. రావే తల్లీ, రా. ఇంకోసారి. రా... హమ్మయ్య! అందుకుంది. అబ్బ, ఏం కుదుపు, నా పళ్ళు ఊడిపోయేట్టున్నాయి! అక్కా, నువ్వు కింద పడకుండా పట్టుకో."

"వచ్చిందిరా!"

"ఏం వచ్చింది?"

"వచ్చింది, వచ్చింది! వీపులోంచి గుండెల్లోకి కొడుతోంది! ఒరేయ్, నీ చేతిలో మహత్తు ఉందిరా, నేను చెప్పలేదూ!"

"అక్కా, ఇంకా నేను..."

"అదే పాట కదూ పెట్టావు? నాన్న లారీలోది? మొదలే పట్టేశా. ప్రతి మాటా వినిపిస్తోంది, ఒట్టు! కుడి చెవి ఇంకా ఉందంటే నమ్మావు కాదు."

"అక్కా, ఇటు తిరుగు."

"ఇంక తాళం గీళం అన్నావంటే కాళ్ళు విరగ్గొడతా. రేపే పెయింటర్‌ని పిలిచి షెడ్డుకి బోర్డు రాయించు. పెద్ద అక్షరాలతో రాయమను."

"అక్కా. ఒక్కసారి నావైపు చూడవే."

"ఆహా, ఏం పాటరా! నాన్న ఉంటే ఏడ్చేవాడు."

"ఎప్పుడు పోయిందక్కా కుడిది? నా మీద దుప్పటి లాగిన రోజుకే పోయిందా?"

"అమ్మ దుప్పటి మీదనుంచి వస్తోందిరా పాట, అందుకే ఇంత మెత్తగా ఉంది."

"స్పీకరు వైరు ఇంకా నా చేతిలోనే ఉందక్కా."

"కొంచెం సౌండు తగ్గించరా తమ్ముడూ, పక్క షెడ్డువాళ్ళు గోల పెడతారు."